ఏ ఆర్సెనిక్?

రొయ్యల్లో ఆర్సెనిక్ ఉందని ఎవరైనా రిపోర్టు చూపిస్తే నేను ముందుగా అడిగేది ఇదే: ఏ ఆర్సెనిక్? సముద్రపు రొయ్యల్లో, పీతల్లో, చేపల్లో ఉండేదాంట్లో ఎక్కువ భాగం ఆర్సెనోబీటైన్. 1977లో ఎడ్మండ్స్, ఫ్రాన్సెస్కోనీ బృందం పశ్చిమ ఆస్ట్రేలియా రాక్ లాబ్‌స్టర్ నుంచి దాన్ని వేరుచేసి నిర్మాణం తేల్చింది. అది దాదాపు ఉన్నదున్నట్టే మూత్రంలో వెళ్లిపోతుంది. బోరునీళ్లలో దొరికే ఆర్సెనైట్ అలా పోయే రకం కాదు. ఏళ్ల తరబడి తాగినవాళ్లకు చర్మం మీద మచ్చలు, అరచేతుల్లో గట్టిపడ్డ పొక్కులు, ఆపైన క్యాన్సర్ ముప్పు. మొత్తం ఆర్సెనిక్ ఎంతో చెప్పే అంకెలో ఈ రెండూ కలిసిపోతాయి.

విడదీసే పనికి రెండు యంత్రాలను జోడిస్తాం. లిక్విడ్ క్రొమటోగ్రఫీ కాలమ్ రూపాలను ఒకదాని తర్వాత ఒకటిగా వదులుతుంది, ఐసీపీ-ఎంఎస్ అనే ప్లాస్మా మాస్ స్పెక్ట్రోమీటర్ కొలుస్తుంది. వేల డిగ్రీల ఆర్గాన్ ప్లాస్మాలో పడ్డాక ఏ రూపమైనా ముక్కలై 75 ద్రవ్యరాశి ఉన్న అయానుగానే మిగులుతుంది. ఏది ఏదో చెప్పేది కాలమ్ నుంచి ఎన్నో నిమిషంలో బయటికొచ్చిందన్న సంగతే. నేను ఎక్కువ జాగ్రత్త పడేదీ ఇక్కడే. మామూలుగా వాడే, రుణ ఆవేశమున్న రూపాలను పట్టి ఉంచే ఆనయాన్ కాలమ్‌లో ఆర్సెనైట్‌కు ఆవేశం ఉండదు. ఆర్సెనోబీటైన్‌లోని ధన, రుణ ఆవేశాలు ఒకదానికొకటి సరిపోతాయి. అందుకే రెండూ నిలవకుండా మొదట్లోనే, ఇంచుమించు కలిసే వచ్చేస్తాయి. విషమూ, హానిలేనిదీ ఒకే పీక్ కింద! విరుగుడుగా శాంపిల్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలుపుతాం. ఆర్సెనైట్ కాస్తా ఆర్సెనేట్‌గా మారి చివర్లో బయటికొస్తుంది, ఆర్సెనోబీటైన్ మాత్రం కదలదు. ఈ ఉపాయం పనిచేయడం చూసిన ప్రతిసారీ నాకు సంతోషమే.

అయితే ఈ పనిలో సగం తప్పులు ల్యాబ్‌కు రాకముందే జరిగిపోతాయి. బెంగాల్ డెల్టా బోర్లలో నీళ్లు ఆక్సిజన్ తగలని లోతు నుంచి వస్తాయి. వాటిలో ఆర్సెనైట్, కరిగిన ఇనుము రెండూ ఉంటాయి. సీసాలో గాలి తగలగానే ఇనుము తుప్పు రంగు మడ్డిగా అడుక్కి దిగి, ఆర్సెనిక్‌లో కొంత తనతో లాక్కుపోతుంది. మిగిలినదాంట్లో కొంత ఆర్సెనేట్ అవుతుంది, ఎండ తగిలితే ఇంకా త్వరగా. పైన తేరిన నీళ్లు కొలిస్తే అంకె వస్తుంది కానీ అది ఆ బోరుది కాదు. అందుకే బోరు పక్కనే వడగట్టాలి, ఇనుము దిగకుండా ఈడీటీఏ కలపాలి, వెలుతురు సోకని సీసాలో, చల్లగా తేవాలి. మొత్తం ఆర్సెనిక్ కొలిచేవాళ్లు అలవాటుగా పోసే గాఢ నైట్రిక్ యాసిడ్ ఇక్కడ పనికిరాదు. ఆర్సెనైట్, ఆర్సెనేట్ తేడా కాగితం మీది ముచ్చట కాదు: ఇనుము పూత ఉన్న నీటి ఫిల్టర్లు ఆర్సెనేట్‌ను బాగా పట్టుకుంటాయి, ఆర్సెనైట్‌ను అంత బాగా పట్టుకోవు.

మన పళ్లెంలోకొస్తే బియ్యం. నీళ్లు నిలిచిన మడిలో విడుదలైన ఆర్సెనైట్‌ను వరి వేళ్లు సిలికాన్‌ను పీల్చుకునే దారిలోనే తీసుకుంటాయి. గింజలో దాని పక్కనే డీఎంఏ అనే మిథైల్ రూపమూ ఉంటుంది. లెక్క తేలిందో లేదో చూసుకోవడానికి అమెరికా ఎన్‌ఐఎస్‌టీ ఇచ్చే 1568బి బియ్యప్పిండి మాకు ఆధారం. కిలోకు మొత్తం 285 మైక్రోగ్రాములు. అందులో అకర్బన ఆర్సెనిక్ (ఆర్సెనైట్, ఆర్సెనేట్ కలిపి) 92, డీఎంఏ 180, ఎంఎంఏ అనే మరో మిథైల్ రూపం 11.6. మూడూ కూడితే మొత్తానికి దాదాపు సరిపోతుంది. మన ఫలితం అలా కూడకపోతే ఏదో రూపం కాలమ్‌లోనో, పిండిలోనో ఉండిపోయిందన్నమాట. ఆ రోజు రిపోర్టు ఇవ్వకూడదు.

వంటకూ ఇందులో పాత్ర ఉంది. బియ్యానికి ఆరు నుంచి పది రెట్లు నీళ్లు పోసి వారిస్తే అకర్బన ఆర్సెనిక్ 40 నుంచి 60 శాతం తగ్గవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ చెబుతోంది. మన ఇళ్లలో గంజి వార్చే పద్ధతి అదే, కుక్కర్ వచ్చాక చాలాచోట్ల పోయింది. వంటనీళ్లలోనే ఆర్సెనిక్ ఉంటే మాత్రం వార్చినా లాభం లేదు.

రూపాలు విడదీయడం ఖరీదైన పని, ప్రతి బస్తాకూ అక్కర్లేదు. పాలిష్ బియ్యంలో అకర్బన ఆర్సెనిక్‌కు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి కిలోకు 0.2 మిల్లీగ్రాములు. ముందు మొత్తమే కొలిచి, అది ఆ లోపు ఉంటే అక్కడితో ఆపేయొచ్చు. దాటితేనే కాలమ్ దాకా రావాలి.