మాతువు, ధాతువు, గాత్రం: రమణ గోగుల పాటల ప్రస్థానం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

తన పాటను తానే కట్టి, తానే వాయించి, తానే పాడుకొనే కళాకారునికి తెలుగులో వాగ్గేయకారుడనే పేరు ఏనాటినుంచో ఉంది. ఆ పేరును భక్తి సంగీతానికే పరిమితం చేయడం వల్ల ఆధునిక స్వతంత్ర గాయకులను చదివే పరికరం మన విమర్శకు కొరవడింది. 1996లో పాప్ ఆల్బంతో మొదలై, సినిమా సంగీతం మీదుగా 2025 వరకు సాగిన రమణ గోగుల ప్రస్థానాన్ని సంగీతరత్నాకరంలోని మాతు ధాతు వివేచన ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: వాగ్గేయకారుడు, మాతువు, ధాతువు, కుట్టికారుడు, స్వతంత్ర పాప్ సంగీతం, సినీగేయం, రమణ గోగుల.

1. ప్రవేశిక

2025 సంక్రాంతికి విడుదలైన ‘సంక్రాంతికి వస్తున్నాం’ చిత్రంలోని ‘గోదారి గట్టు’ పాట ఆ జనవరి అంతా కళ్యాణదుర్గం బస్టాండులో, టీ కొట్లలో, ఆటోలలో వినబడుతూనే ఉంది. వాన కోసం ఏటా ఆకాశం వైపు చూసే ఈ మెట్టసీమలో గోదావరి గట్టు మీది పాట ఇంతగా ఎందుకు నచ్చిందో అది వేరే చర్చ. ఆ రోజుల్లో డిగ్రీ తరగతిలో ఈ పాట పాడినదెవరని అడిగాను. కొందరు కథానాయకుడి పేరు చెప్పారు, కొందరు దర్శకుడి పేరు చెప్పారు. ఒక విద్యార్థిని మాత్రం “ఎవరో జానపద గాయకుడు సార్, గొంతు అట్లే ఉంది” అన్నది.

ఆ సమాధానం తప్పే. కానీ పరిశోధకుడు తోసివేయవలసిన తప్పు కాదు. పాడినవారు రమణ గోగుల, మధుప్రియ. మధుప్రియ చిన్ననాటినుంచే జానపద గాయనిగా పేరు పొందినవారు. రమణ గోగుల మాత్రం 1990లలో ‘పాశ్చాత్య ధోరణి’కి మారుపేరుగా నిలిచిన గాయకుడు. పాతికేళ్ల కింద విదేశీదిగా వినిపించిన గొంతు నేడు జానపదమైనదిగా వినిపించడానికి కారణమేమిటి? ఈ ప్రశ్నకు సమాధానం వెతకాలంటే ఆ గొంతు ఏ పాత్రలో మొదలై ఏ పాత్రకు చేరిందో చూడాలి.

2. మాతువు, ధాతువు

పదమూడవ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరం ప్రకీర్ణకాధ్యాయంలో వాగ్గేయకారుని లక్షణాలు చెప్పాడు. పాటలోని మాట మాతువు, స్వరకల్పన ధాతువు. రెండింటినీ సమర్థంగా కూర్చేవాడు ఉత్తమ వాగ్గేయకారుడు. ధాతువులో బలముండి మాతువులో మందుడైనవాడు మధ్యముడు. మాట ఎంత రమ్యమైనా స్వరకల్పన పేలవమైతే అతడు అధముడు. సాహిత్య విద్యార్థులమైన మనకు ఈ క్రమం కొంచెం గుచ్చుకుంటుంది. శార్ఙ్గదేవుని త్రాసులో ధాతువుకే బరువు ఎక్కువ. ఇతరుల ధాతువుకు మాతువు అమర్చేవానికి ఆయన ‘కుట్టికారుడు’ అని విడిగా పేరు పెట్టాడు. సిద్ధంగా ఉన్న బాణీకి మాటలు రాసే నేటి సినీకవి స్థితిని ఇంత సూటిగా చెప్పే మాట మన ఆధునిక పారిభాషిక పదకోశాల్లో లేదు. ఇందులో నింద లేదు. అది పని విభజనను తెలిపే పేరు మాత్రమే.

బాలాంత్రపు రజనీకాంతరావు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ గ్రంథానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ గ్రంథకర్త తానే పాట రాసి, బాణీ కట్టి, పాడినవాడు, ఆకాశవాణిలో పనిచేసినవాడు. వాగ్గేయకారుల చరిత్ర రాసినవాడే ఆ కోవకు చెందినవాడైనప్పటికీ, ఆయన తరువాత ఆ చరిత్రను ఆధునిక కాలానికి పొడిగించే ప్రయత్నం మన విశ్వవిద్యాలయాల్లో పెద్దగా జరగలేదు. సినీకవుల మీద సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి. అవి చాలావరకు మాతువును కాగితం మీద చదివిన గ్రంథాలే.

ఒక్కడే అనేక వాద్యాలు పట్టే గాయకుడు కూడా మనకు కొత్త కాదు. బుర్రకథలో కథకుని భుజాన తంబురా ఉంటుంది, వేళ్లకు అందెలుంటాయి, కాళ్లకు గజ్జెలుంటాయి. మూడింటినీ నడుపుతూ పాడుతూ, ఆడుతూ కథ చెబుతాడు. గుమ్మెటలు వంతల చేతిలో ఉంటాయి. పాల్ మెకార్ట్‌నీ 1970లో, ప్రిన్స్ 1978లో వాద్యాలన్నీ తామే వాయించి ఆల్బంలు వెలువరిస్తే సంగీత ప్రపంచం దానిని విశేషంగా చెప్పుకుంది. తత్వాలు పాడే బైరాగి ఒక చేత ఏకతార, మరొక చేత చిడతలు పట్టడాన్ని మనం వాద్యనైపుణ్యంగా లెక్కించనే లేదు.

3. స్వతంత్ర గాయకునికి ఆశ్రయం

వాగ్గేయకారుడు ఏ కాలంలోనూ నిరాధారంగా నిలవలేదు. ఆలయం, ఆస్థానం, భజన మండలి అతన్ని పోషించాయి. 1930, 40లలో గ్రామఫోను రికార్డు, తరువాత ఆకాశవాణి ఆ బాధ్యత తీసుకున్నాయి. సాలూరి రాజేశ్వరరావు లలితగీతాలు తెలుగు ఇళ్లలోకి వెళ్లింది ఈ దారినే. ఘంటసాల సినిమాలకు సంగీతం కూర్చుతూనే ప్రైవేటు రికార్డుల్లో పద్యాలు పాడారు. స్వరకర్తే గాయకుడు కావడం మనకు అపరిచితం కాదనడానికి ఈ ఇద్దరే చాలు.

1990ల మధ్యకాలంలో ఆ ఆశ్రయం ఉపగ్రహ టెలివిజన్ రూపంలో వచ్చింది. ఎంటీవీ, ఛానల్ వీ రావడంతో సినిమాతో నిమిత్తం లేని పాటకు దృశ్యరూపం, ప్రచారం రెండూ దొరికాయి. 1995లో అలీషా చినాయ్ ‘మేడ్ ఇన్ ఇండియా’, 1996లో లక్కీ అలీ ‘సునో’ వెలువడ్డాయి. ఆ 1996లోనే రమణ గోగుల ‘మిస్టీ రిథమ్స్’ బృందంతో ‘ఏ లైలా’ ఆల్బం తెచ్చారు. ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివిన ఇంజనీరు గిటారు పట్టి బృందానికి నాయకత్వం వహించడం నాటి యువతను ఆకట్టుకుంది. ఇక్కడ మనకు కావలసింది ఆ చదువు కాదు. ఆ ఆల్బంలో పాటకు పూచీ పడినది ఒకే మనిషి అన్నది ముఖ్యం. కథానాయకుడు లేడు, సన్నివేశం లేదు. పాట నచ్చితే అతని పాట నచ్చినట్లు, నచ్చకపోతే అతనిదే లోపం.

ఆ ఆశ్రయం ఎక్కువకాలం నిలవలేదు. సంగీత చానళ్లు క్రమంగా సినిమా పాటలకే మళ్లాయి. క్యాసెట్టు వ్యాపారం క్షీణించింది. స్మిత వంటివారు ‘హాయ్ రబ్బా’తో తెలుగు పాప్‌ను ముందుకు తీసుకువెళ్లినా, ఆ పాటకు స్థిరమైన వేదిక ఏర్పడలేదు.

4. సినిమా చేసిన విభజన

1998లో ‘ప్రేమంటే ఇదేరా’తో రమణ గోగుల సినీసంగీత దర్శకుడయ్యారు. 1999లో ‘తమ్ముడు’, 2000లో ‘బద్రి’, ‘యువరాజు’, 2003లో ‘జానీ’, 2006లో ‘లక్ష్మీ’, ‘అన్నవరం’, 2007లో ‘యోగి’ వచ్చాయి. ఈ జాబితాను పట్టుకొని ఆయన ప్రస్థానాన్ని విజయాలు, పరాజయాలుగా లెక్కగట్టడం పత్రికలకు అలవాటు. ఆ లెక్క నిర్మాతకు పనికివస్తుంది, విమర్శకు పనికిరాదు. మనం చూడవలసింది పనుల విభజనను. సినిమాలో బాణీ ఆయనది, చాలా పాటల్లో గాత్రమూ ఆయనదే. మాట మాత్రం వేటూరి వంటి సినీకవుల చేతికి వెళ్లింది. అంటే ధాతువూ గాత్రమూ మిగిలాయి, మాతువు విడిపోయింది.

దీన్ని కేవలం నష్టంగా చెప్పడం అన్యాయం. మాటవిరుపులో, శబ్దక్రీడలో వేటూరికి దీటుగా రాయగల పాప్ గాయకుడు తెలుగులో అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ‘బద్రి’ పాటల్లో అర్థం కంటే ముందు శబ్దం చెవికి తగులుతుంది. ఇంగ్లీషు ధ్వనితో ఊగే బాణీకి తెలుగు అచ్చులను సాగదీసి, హల్లులను విరిచి అమర్చడం కుట్టికారుని పనిలో కష్టమైన భాగం. ఈ కోణంలో వేటూరిని చదివిన విమర్శ అరుదు.

అయితే విభజన జరగని చోట రమణ గోగుల ముద్ర ఎలా ఉంటుందో చూపే పాట ‘తమ్ముడు’లోనే ఉంది. ‘ట్రావెలింగ్ సోల్జర్’ అనే ఆ పాట పూర్తిగా ఇంగ్లీషులో సాగుతుంది, పాడినది ఆయనే. కథానాయకుడు పోటీ కోసం కఠిన శిక్షణ పొందే ఘట్టానికి దానిని వాడారు. కళ్యాణదుర్గం వంటి ఊళ్లలో ఆ పాట విని కుర్రాళ్లు వేకువన పరుగు మొదలుపెట్టారు. మాటలు అర్థమై కాదు. గిటారు వరుస, దాని వెంట పోయే బొంగురు గొంతు, అదుపులో ఉంచిన ఉద్రేకం అర్థమై. మాతువు వినేవారికి దాదాపు శూన్యమైనా పాట నిలిచింది. శార్ఙ్గదేవుడు మధ్యముడన్నది ఇటువంటి కర్తనే. ఈ మాటను రమణ గోగుల అభిమానులు అవమానంగా తీసుకోనక్కరలేదు. ఉత్తముడనిపించుకొనే స్థాయి మాతువు ఆయన పాటలో లేదన్నది నిజం. ఆయన ధాతువు ఒక తరం నడకను మార్చిందన్నదీ నిజం.

గాత్రం విషయంలో ఆయన చేసిన మార్పు ఇంకా లోతైనది. అప్పటి తెలుగు పురుష గాత్రానికి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ప్రమాణం. శ్రుతిశుద్ధి, స్పష్టమైన ఉచ్చారణ, కథానాయకుని గొంతులోకి పరకాయ ప్రవేశం ఆ ప్రమాణపు గుణాలు. రమణ గోగుల ఎవరి గొంతులోకీ ప్రవేశించరు. తెర మీద ఎవరున్నా వినిపించేది ఆయన గొంతే. ముక్కుతో కలిసిన కొంచెం గరుకు పలుకు, పాటకూ మాటకూ మధ్య ఉండే తీరు నేపథ్యగాయకునివి కావు. తన పాట తాను పాడుకొనేవాని లక్షణాలవి. సినిమాలోకి వచ్చినా స్వతంత్ర గాయకుడు ఆయనలో మిగిలింది ఇక్కడే.

5. గాత్రం ఒక్కటే మిగిలినప్పుడు

2013లో ‘వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్’ తరువాత ఆయన తెలుగు సినిమా సంగీతానికి దూరంగా, సాంకేతిక రంగపు ఉద్యోగంలో, అమెరికాలో ఉన్నారు. 2024 డిసెంబరులో విడుదలైన ‘గోదారి గట్టు’తో మళ్లీ వినిపించారు. ఈ పాట రాసినది భాస్కరభట్ల, బాణీ కట్టినది భీమ్స్ సిసిరోలియో. అంటే ఇందులో మాతువు రమణ గోగులది కాదు, ధాతువూ ఆయనది కాదు. మిగిలినది గాత్రం ఒక్కటే. ఆయన గొంతును ఇంతమంది విన్న సందర్భం మరొకటి లేదేమో. ఇది వైచిత్రి. దీన్ని వ్యంగ్యంగా చూడనక్కరలేదు గానీ, పునరాగమనమని సంబరపడి ఊరుకోవడమూ సరికాదు. తిరిగి వచ్చినది 1996 నాటి పాటకర్త కాదు, అతని గొంతు.

ఇప్పుడు మన విద్యార్థిని మాటకు వద్దాం. ఆ గొంతు జానపదంగా ఎందుకు వినిపించింది? జానపద బాణీ, పక్కన మధుప్రియ గొంతు పైకి కనిపించే కారణాలు. లోపలి కారణం వేరు. తీర్చిదిద్దని గొంతును మన చెవి మొదట ‘పాశ్చాత్యం’ అన్నది. అప్పటికి మన శిష్టసంగీత ప్రమాణంలో దానికి చోటు లేదు. ఆ తరువాతి పాతికేళ్లలో జానపద గాయకులు తమ గొంతులను మార్చుకోకుండానే సినిమాలోకి వచ్చారు. గరుకుదనం సొంతదనానికి గుర్తయింది. రమణ గోగుల గొంతు మారలేదు, దాన్ని పోల్చే మన చెవి మారింది. అక్కమ్మ కొండ దగ్గర తత్వం పాడేవాని పలుకులోనూ, ‘ట్రావెలింగ్ సోల్జర్’ పాడినవాని పలుకులోనూ ఉన్న పోలిక ఇన్నాళ్లకు ఒక విద్యార్థిని చెవికి అందింది.

6. పరిశోధనకు సంబంధించి

ఈ ప్రస్థానంలో కనిపించిన విభజన తరువాతి తరంలోనూ కొనసాగుతున్నది. ‘చౌరస్తా’ బృందంతో సొంత పాటలు పాడి, 2020లో కరోనా జాగ్రత్తల పాటతో ఊరూరా వినిపించిన రామ్ మిరియాల, 2021లో ‘జాతిరత్నాలు’ చిత్రానికి ‘చిట్టి’ పాట పాడారు. 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ పాటకు బాణీ కట్టి పాడారు, సాహిత్యం మాత్రం కాసర్ల శ్యామ్‌ది. రెండు దశాబ్దాలకు పైబడిన తేడాతో అదే మెట్టు. ఈసారి ఆశ్రయం యూట్యూబు. అది సంగీత చానళ్ల కంటే ఎక్కువకాలం నిలవవచ్చు, నిలవకపోవచ్చు.

అందువల్ల ఇటువంటి పాటలను ఎంచుకొనే పరిశోధకులు ముద్రిత సాహిత్యంతో ఆగకూడదు. వారికి ఆధారం రికార్డింగే. ఏ వాద్యం ఎవరు వాయించారు, పల్లవి బాణీ ముందా మాట ముందా, క్యాసెట్టు అట్ట మీద ఎవరి పేరు ఏ వరుసలో ఉంది అన్నవి నమోదు చేయాలి. 1990ల క్యాసెట్టు అట్టలు మన గ్రంథాలయాల్లో లేవు. పాత దుకాణాలు మూతపడ్డాయి. ఉన్న టేపులు బూజు పట్టి సాగిపోతున్నాయి.

నా విద్యార్థి ఒకడు స్వతంత్ర పాప్ గేయం మీద పరిశోధనకు దరఖాస్తు చేసుకున్నాడు. దరఖాస్తులో ‘ప్రక్రియ’ అన్న గడిలో ఏమి రాయాలో అతనికి తెలియలేదు. సినీగేయం కాదు, జానపదం కాదు, వచన కవిత కాదు. లలితగీతమని రాస్తే మౌఖిక పరీక్షలో గిటారుతో పాడేది లలితగీతమెలా అవుతుందని అడిగారట. చివరకు ‘ఇతరాలు’ అని రాసి ఇచ్చాడు. ప్రస్తుతం అతడు కళ్యాణదుర్గం, రాయదుర్గం ప్రాంతాల్లో పాత క్యాసెట్టు దుకాణాలు నడిపినవారి ఇళ్లకు తిరిగి, అటకల మీది పెట్టెల్లో మిగిలిన అట్టలకు ఫొటోలు తీస్తున్నాడు.