సిరివెళ్ల అయ్యవారు

అయ్యవారూ! నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారి మీ సిరివెళ్ల మీదుగానే పోతుంది. తూర్పున నల్లమల కొండల వరస, పడమట కుందూ ఒరుసుకుని పారే నల్లరేగడి. పత్తి, శనగ, జొన్న, నీళ్లున్న చోట వరి. ఇక్కడి మాట కూడా ఇక్కడి రేగడే. ఎండినప్పుడు నెర్రెలిచ్చి బిగుసుకుంటుంది, తడిసినప్పుడు కాలు పట్టుకుని వదలదు. ‘ఏమప్పా, బాగుండావా?’ అని ఎవరైనా పలకరిస్తే అందులో సగం ఆరా, సగం ఆప్యాయత. ఆ పలకరింపుల నడుమ 1946లో మీరు పుట్టారు. తెలుగు సినిమాకు మాటలొచ్చి అప్పటికి పద్నాలుగేళ్లు. మన సీమ మాట దాని నోట నిండుగా పలకడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. పలికించిన గొంతు మీది. జయప్రకాశ్ రెడ్డి గారూ, ఆ గొంతుకే ఈ దండం.

మీ నాయన పోలీసు సబ్‌ఇన్‌స్పెక్టరు. బదిలీ కాగితం వచ్చినప్పుడల్లా సామాను మూటగట్టడం, కొత్త ఊరు, కొత్త బడి. నెల్లూరు ఒక మాట నేర్పింది, అనంతపురం ఇంకో మాట నేర్పింది. నటుడికి కన్ను కంటే ముందు చెవి కావాలి. ఊరూరా తిరిగిన ఆ చిన్నతనమే మీ చెవికి పదును పెట్టిందని నా నమ్మకం. మీ నాయనకూ నాటకమంటే ప్రాణం. ఖాకీ చొక్కా విప్పి ముఖానికి రంగు వేసుకునేవారు. తండ్రీ కొడుకులు ఒకే స్టేజీ మీద కలిసి వేషాలు కట్టారు. ఎంత మంది కొడుకులకు దక్కుతుంది ఆ భాగ్యం! ఇంట్లో నాయన ముందు నోరెత్తని పిల్లోడు స్టేజీ మీద ఆయన కళ్లలోకి చూసి మాటకు మాట అప్పజెప్పాలి. నటనలో అంతకన్నా గట్టి పాఠం ఏ బడిలోనూ ఉండదు.

తర్వాత గుంటూరు. అక్కడ మీరు లెక్కల మాస్టారు. పగలు నల్లబల్ల, సుద్దముక్క, వెనక బెంచీలో కిటికీ వంక చూసే పిల్లలు. పొద్దుగూకితే రిహార్సళ్లు. ఈ రెండూ వేరువేరు బతుకులని చాలామంది అనుకుంటారు. నాకలా అనిపించదు. లెక్కలో ఒక మెట్టు దాటేస్తే జవాబు తప్పుతుందని మాస్టారుకు తెలుసు. తెర మీద మీ కోపమూ అలాగే మెట్టు మెట్టుగా పెరిగేది. ముందు చిన్నగా గొంతు సవరింపు, తర్వాత కొంచెం తల వాల్చి చూసే చూపు, తర్వాత సాగదీసిన ఒక మాట, అప్పుడు గద్దింపు. మొదటి మెట్టు లేకుండా గద్దింపు ఎన్నడూ రాలేదు. కాబట్టే అది మన గుండెల్లో దిగింది.

నల్గొండలో ‘గప్‌చుప్’ నాటకం ఆడుతుంటే దాసరి నారాయణరావు గారి కంట పడ్డారు. ఆయన నిర్మాత రామానాయుడు గారికి చెప్పారు. 1988లో ‘బ్రహ్మపుత్రుడు’తో మీకు సినిమా గడప దొరికింది. గడప దొరికినంత మాత్రాన ఇల్లు దొరకదు. వేషాలొచ్చాయి, పేరు రాలేదు, చేతిలో డబ్బు నిలవలేదు. 1992లో మళ్లీ గుంటూరు చేరుకున్నారు, మళ్లీ సుద్దముక్క పట్టుకున్నారు.

అయ్యవారూ, మీ జీవితంలో నేను ఎక్కువగా మొక్కేది ఈ ఐదేళ్లకే. తెర మీద కనిపించి వచ్చిన మనిషి మళ్లీ తరగతి గదిలో నిలబడి హాజరు వేయడం ఎంత కష్టమో ఊహించుకోండి చదువరులారా. ‘ఏం సార్, సినిమాలు మానేశారా?’ అని అడిగేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. వయసు నలభై ఐదు దాటింది. ఇంక ఇంతే అనుకుని ఎంతమంది ఆ మలుపులో ఆగిపోలేదు! మీరు ఆగలేదు. మీలోని నటుణ్ని ఎండిపోనివ్వలేదు.

1997 వచ్చింది. జయంత్ సి. పరాన్జీ తొలి సినిమా ‘ప్రేమించుకుందాం రా’. అందులో వీరభద్రయ్య. అంతవరకు తెలుగు తెర మీద ప్రతినాయకుడు ఎక్కువగా పుస్తకం చూసినట్టు మాట్లాడేవాడు, లేదంటే వేరే ప్రాంతాల యాసలో వెటకారం చేసేవాడు. మీరు నోరు తెరిస్తే కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ అరుగుల మీది మాట వినపడింది. గొంతు అడుగున గరగర, మాట చివర చిన్న దీర్ఘం, ఎక్కడ ఆపాలో తెలిసిన ఊపిరి. మామూలు కుశల ప్రశ్నలో కూడా ‘నీ సంగతి నాకు తెలుసులే’ అన్న ధ్వని. హైదరాబాదులో, బెజవాడలో జనం భయపడి చూశారు. మా వైపు జనం ముందు నవ్వారు, తర్వాత నిటారుగా కూర్చున్నారు. ఆ మాట మా ఇళ్లలో వినేదే. దాన్ని ఇంత బాగా, ఇంత లోతుగా, ఒక్క అక్షరం వెకిలి కాకుండా తెర మీద పలికినవాళ్లను అంతకుముందు మేం చూడలేదు.

1999లో ‘సమరసింహారెడ్డి’, వీరరాఘవరెడ్డి వేషం. ఆపైన ఆ దారిలో సినిమాలు వరసకట్టాయి. సుమోలు, బాంబులు, వేటకొడవళ్లు. ఈ మాట ఇక్కడ చెప్పి తీరాలి: ఆ సినిమాలు సీమను గాయపరిచాయి. నంద్యాల నుంచి వచ్చామంటే అద్దె ఇల్లు ఇవ్వడానికి జంకినవాళ్లను చూశాం. ఈ నేల మీదే, ఆళ్లగడ్డకు దగ్గర్లో, ఉయ్యాలవాడ ఉంది. తెల్లదొరల మీద తిరగబడి 1847లో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డిది ఆ ఊరే. 1866 కరువులో వేలమంది ఆకలి తీర్చిన బుడ్డా వెంగళరెడ్డిదీ ఆ ఊరే. ఆళ్లగడ్డ శిల్పుల ఉలి చప్పుళ్లు, అహోబిలం మెట్లు, మహానంది కోనేట్లో నేల కనిపించే నీళ్లు, ఇవన్నీ ఈ చుట్టుపక్కలే. సినిమాకు మాత్రం కత్తి ఒక్కటే కనిపించింది.

ఆ తప్పు మీది కాదు అయ్యవారూ. కథ రాసింది మీరు కాదు, కత్తి చేతికిచ్చింది మీరు కాదు. మీకిచ్చింది ఒక దుర్మార్గుడి వేషం. మీరు దానికి ఒక ఊరిని, ఒక ఇంటిని, ఒక మొండి పౌరుషాన్ని, ఆడపిల్ల గడప దాటితే లోలోపల కుమిలిపోయే ఒక పెద్దమనిషిని ఇచ్చారు. ఆ మనిషి చేసే పనిని అసహ్యించుకున్నాం. ఆ మనిషి అబద్ధమని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ఆ తర్వాత అదే గొంతుతో నవ్వించారు. ‘రెడీ’లో బ్రహ్మానందం గారి పక్కన మీ ఉగ్రమే హాస్యమైంది. మీసం అదే, గద్దింపు అదే, తేడా కేవలం కనురెప్ప వేసే వేళలో. తమిళం కూడా పిలిచింది. సినిమాల పట్టిక ఇక్కడ ఏకరువు పెట్టను, అది ఎక్కడైనా దొరుకుతుంది.

నేను చెప్పాలనుకున్నది నాటకం గురించి. దానికి ముందు ఒక పోలిక. అమెరికాలో జాన్ కాసవెటీస్ అనే నటుడుండేవాడు. పెద్ద స్టూడియోల సినిమాల్లో వేషాలు వేసి, ఆ డబ్బుతో తన మనసుకు నచ్చిన చిన్న సినిమాలు తీసుకునేవాడు. 1968లో వచ్చిన ‘ఫేసెస్’ అలా పుట్టిందే. స్వతంత్ర సినిమా అనగానే అక్కడివాళ్లు ఆయన పేరు తలుచుకుంటారు. సిరివెళ్ల బిడ్డ చేసింది అంతకు తక్కువేం కాదు. తెర మీద గిరాకీ మస్తుగా ఉన్న రోజుల్లో కూడా గుంటూరులో తన పేరు మీద నెలనెలా నాటక సభ నడిపారు. టికెట్ల రాబడి లేని పని. జనం టీవీల ముందు కూర్చున్న కాలంలో చేసిన పని.

ఇక ‘అలెగ్జాండర్’. పూసల రాయగా మీరు ఆడిన ఏకపాత్ర నాటకం. మిలిటరీలో మేజరుగా చేసి రిటైరైన ముసలాయన. కష్టంలో ఉన్నవాళ్లు ఫోను చేస్తే ధైర్యం చెబుతుంటాడు. గంటన్నరకు పైగా స్టేజీ మీద ఆయనొక్కడే. ఏకపాత్ర అంటే ఏమిటో స్టేజీ ఎక్కినవాళ్లకు తెలుసు. మాట మరిస్తే అందించే తోటి నటుడుండడు. అవతలివాడు డైలాగు చెబుతుంటే ఊపిరి పీల్చుకునే సందు ఉండదు. అవతల ఏడ్చే మనిషి ప్రేక్షకుడికి కనపడడు. ఆ ఏడుపంతా వినేవాడి ముఖంలోనే కనపడాలి. తెలుగువాళ్లు విలన్ అని పిలిచే మనిషి, అరవై దాటిన వయసులో, ఫోను పట్టుకుని ముక్కూ ముఖం తెలియని మనిషిని ఓదార్చాడు. సుమోలూ లేవు, అనుచరులూ లేరు. దాన్ని ధవళ సత్యం గారు సినిమాగానూ తీశారు. మీరు చేసిన పాత్రలన్నిటిలోకీ నాకు పెద్దది ఇదే.

2020 సంక్రాంతికి ‘సరిలేరు నీకెవ్వరు’లో కనిపించారు. రెండు నెలలు తిరిగేసరికి కరోనా వచ్చి హాళ్లకు, స్టేజీలకు తాళాలు పడ్డాయి. సెప్టెంబరు 8న గుంటూరులో, మీ ఇంట్లోనే, గుండె ఆగింది. నలుగురు కూడడానికే భయపడే రోజులవి. నాటకాన్ని ఇంతగా ప్రేమించిన మనిషికి నాటకాలవాళ్లంతా వచ్చి దండం పెట్టుకునే వీలు లేకపోయింది. ఆ బాకీ ఇంకా మా మీద ఉంది.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. సిరివెళ్ల, ఆళ్లగడ్డ అందులోవే. జిల్లా పెద్దలారా, నాటకమంటే పడిచచ్చే నంద్యాల వాసులారా, మీకు నా మనవి ఒకటే. నంద్యాలలో ఒక రంగస్థలానికి జయప్రకాశ్ రెడ్డి పేరు పెట్టండి. ఏటా సెప్టెంబరు 8న సిరివెళ్ల బడి పిల్లల చేత ఒక నాటకం వేయించండి. వాళ్ల యాసను దిద్దకండి. వాళ్లింట్లో మాట్లాడే మాటే స్టేజీ మీద మాట్లాడనివ్వండి.