సఖ్యమా, శృంగారమా? ‘ది అవెంజర్స్’ నాటకమాలలోని జంటలు

స్త్రీపురుషు లిరువురు నిత్యము కలిసి అపాయములలో తిరుగుచు, ఒకరి ప్రాణము నొకరు కాపాడుచు, రూపగుణసంపన్నులై యుండియు ప్రణయవాక్య మొక్కటియు పలుకకుందురేని, ఆ సంబంధమునకు ఏ పేరు పెట్టవలయును? శృంగారమందమన్న ఆలంబనమున్నది గాని అనుభావములు చాలవు. వీరమందమన్న ఉత్సాహమున్నది గాని, కథ ముగిసిన పిదప సామాజికుని హృదయమున నిలుచునది ఆ యుత్సాహము కాదు. బ్రిటిషు టెలివిజనున 1961 మొదలు 1969 వఱకు నడచిన ‘ది అవెంజర్స్’ అను గూఢచారి నాటకమాల ఈ ప్రశ్నను గట్టిగా లేవదీయుచున్నది. 161 భాగములు గల యీ దృశ్యరచనలో జాన్ స్టీడ్ అను గూఢచారి మొదటినుండి తుదివఱకు నిలిచెను. ఆ పాత్రను ధరించినవాడు పాట్రిక్ మక్నీ. స్టీడ్‌నకు తోడైనవారు మాత్రము మాఱుచు వచ్చిరి. ఆ మార్పులను వరుసగా పరిశీలించినచో, జంటయందలి రసమెచ్చట పుట్టినదో, ఎచ్చట తఱిగినదో తేటపడగలదు.

మొదటి జంట పురుషులిద్దఱు. డాక్టర్ డేవిడ్ కీల్ అను వైద్యునకు నిశ్చయమైన వధువును మాదకద్రవ్యముల దొంగలు కాల్చి చంపుదురు. ఆ హత్యకు ప్రతీకారము తీర్చుకొన బూనిన కీల్‌నకు స్టీడ్ తోడగును. ‘ప్రతీకారము తీర్చువారు’ అను అర్థము గల పేరు ఈ నాటకమాలకు వచ్చుట యిందువలననే. కీల్ పాత్రధారి ఇయాన్ హెండ్రీయే అప్పటి ప్రధాననటుడు. ఆ 26 భాగములలో సమగ్రముగా మిగిలినవి మూడే. ఇచ్చటి మైత్రికి కారణము ప్రత్యక్షము: ఒకనికి శోకము కలదు, మఱియొకనికి ఉద్యోగము కలదు. కారణమింత స్పష్టముగా నుండుటచే మైత్రి యందు ఊహింపదగిన దేమియు మిగులలేదు.

హెండ్రీ తొలగిపోగా 1962లో కాథీ గేల్ పాత్ర ప్రవేశించెను. హానర్ బ్లాక్‌మన్ ధరించిన యీ పాత్ర మానవశాస్త్రమును చదివిన విదుషి, భర్తను కోల్పోయిన స్త్రీ, జూడో విద్యలో నేర్పరి. ఈమె తొలి భాగములలో కొన్ని, పురుషపాత్ర కొఱకు వ్రాసి యుంచిన ప్రతులనే స్వల్పముగా మార్చి ఆడినవి. అందువలన ఒక విచిత్రఫలము సిద్ధించెను. రచయిత పురుషునకై వ్రాసిన బుద్ధి, ధైర్యము, ధిక్కారము స్త్రీ నోట పలికినవి. స్త్రీపాత్రకు సమానత్వము నీయవలెనను సంకల్పముకంటె ముందుగనే సమానత్వము రంగమెక్కినది.

గేల్‌నకును స్టీడ్‌నకును గల సంబంధము వాదప్రధానమైనది. స్టీడ్ కార్యసాధనకై ఆమెను నిజము చెప్పకయే అపాయమున దింపును. ఆమె దానిని గ్రహించి నిలదీయును. అతనికి కార్యసిద్ధి ప్రధానము. ఆమెకు ధర్మము ప్రధానము. ఈ సంఘర్షణమువలన గేల్ జంటయే ఉత్తమమని తలచు విమర్శకులు కలరు. వారి మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. ధర్మవిచారము గల జంటకు గాంభీర్యమెక్కువ. కాని సంఘర్షణమున నుండునది పరస్పరపరీక్ష. విశ్వాస మింకను కుదురుకొనలేదు. పరీక్ష ముగిసిన పిదప మిగులు స్నేహ మెట్టిదో చూపినది తరువాతి జంట.

బ్లాక్‌మన్ 1964లో ‘గోల్డ్‌ఫింగర్’ చలనచిత్రమునకై వెడలిపోగా, 1965లో డయానా రిగ్ ఎమ్మా పీల్ పాత్రమున కనిపించెను. ఈ పాత్ర నామకరణమునందే పూర్వపక్షమునకు ఆధారమున్నది. పురుషాకర్షణ అను అర్థమున ఇంగ్లీషువారు వాడు ‘మాన్ అప్పీల్’ అను మాటను ‘ఎమ్ అప్పీల్’ అని కుదించి, దానినుండి ‘ఎమ్మా పీల్’ అను పేరు కల్పించిరి. పుట్టుకయందే ఆకర్షణ కొఱకు నిర్మింపబడిన పాత్రమున సఖ్యమును వెదకుట వ్యర్థమనియు, ఇది మఱుగుపఱచిన శృంగారమే యనియు పూర్వపక్షులందురు.

దీనికి సమాధానము పాత్రనామమున గాక పాత్రల నడవడియందు వెదకవలసియున్నది. ‘ది టౌన్ ఆఫ్ నో రిటర్న్’ అను భాగమున తొలుత నీ యిరువురును కత్తిసాములో తలపడుచు కనబడుదురు. తరువాత రైలుబండిలో స్టీడ్ తన సంచినుండి తేనీటి సరంజామా యంతయు వెలికి తీసి యామెకు విందొనర్చును. ఒకచో పోటీ, ఒకచో ఆతిథ్యము: రెంటియందును సమానత గలదు. ‘ది హౌస్ దట్ జాక్ బిల్ట్’ అను 1966 నాటి భాగమున, తండ్రి సంస్థను చేపట్టినపుడు తాను తొలగించిన యంత్రనిపుణుడు పగతో కట్టిన యంత్రగృహమున ఎమ్మా చిక్కుకొనును. స్టీడ్ చేరునప్పటికి ఆమె స్వబుద్ధిచే విడుదల పొందియే యున్నది. రక్షకుడు వచ్చెను గాని రక్షింపవలసిన యవసరము లేదు. రక్ష్యరక్షకభావమున నిలువని జంటను నాయికానాయకులనుట యుక్తముగాదు.

అన్నిటికంటె సూక్ష్మమైనది సంబోధనము. స్టీడ్ ఆమెను ‘మిసెస్ పీల్’ అని పిలుచును. ఆమె యతనిని ‘స్టీడ్’ అని యింటిపేరుతో పిలుచును. 1967 నాటి వర్ణచిత్రభాగములలో కర్తవ్యమునకు పిలుచు సందేశము సైతము ఆ మర్యాదానామముతోనే యామెకు చేరును. ఇది కేవలము ఇంగ్లీషువారి ఆచారమేయని యొకరు చెప్పవచ్చును. ఆచారమే యగుగాక. కావ్యమున ఆచారము మాటిమాటికి తిరిగివచ్చినపుడు వ్యంజకమగును. ‘మిసెస్’ అను పదము ఆమె వివాహితయని ప్రతిక్షణము గుర్తుచేయును. ఆమె భర్త పీటర్ పీల్ విమానచోదకుడు. అమెజాన్ అరణ్యప్రాంతమున మరణించెనని లోకము నమ్మినది. లేని భర్త యొక్క పేరు వారిద్దఱి నడుమ మర్యాదారేఖవలె నిలిచియున్నది. ఆ రేఖను దాటకుండుటయే వారి యన్యోన్యత. దూరమును సూచించు పదము సామీప్యమును ధ్వనింపజేయుట యిచ్చటి విశేషము.

ఈ ధ్వని 1968 నాటి ‘ది ఫర్గెట్ మీ నాట్’ అను భాగాంతమున పరాకాష్ఠ నందుచున్నది. భర్త జీవించియున్నట్లు వార్త వచ్చును. ఎమ్మా వీడ్కోలు చెప్పి వెడలబోవుచుండగా స్టీడ్ ఆమెను ‘మిసెస్ పీల్’ అనక ‘ఎమ్మా’ అని పేరుపెట్టి పిలిచి కృతజ్ఞత తెల్పును. ఇన్ని భాగములుగా నిలిపియుంచిన నామము వియోగక్షణమున వెలువడినది. ఒక దీర్ఘప్రసంగము చేయలేని పనిని ఆ యొక్క పిలుపు చేయుచున్నది. మెట్లపై ఆమె క్రొత్తగా వచ్చుచున్న టారా కింగ్‌నకు ఎదురుపడి, స్టీడ్ తేనీటిని ఏ దిక్కున కలుపవలెనో చెప్పి దిగిపోవును. సామాన్యవిషయమున సర్వస్వమును అప్పగించుట యిది. క్రింద వేచియున్న భర్త టోపీతో, గొడుగుతో స్టీడ్‌నకు ప్రతిబింబమువలె నుండుట చమత్కారము కొఱకే యైనను, అది పూర్వపక్షమునకు కొంత బలము నిచ్చుననుట దాచదగినది కాదు.

తరువాతి జంట ఈ విషయమును వ్యతిరేకముఖమున స్థాపించుచున్నది. లిండా థోర్సన్ ధరించిన టారా కింగ్ వయస్సున చిన్నది, గూఢచారి విద్యలో నూతనశిష్యురాలు. గేల్, పీల్ అను నిరువురు స్వేచ్ఛగా తోడైనవారు. టారా ఉద్యోగధర్మముచే తోడైనది. స్టీడ్ ఈమెను పేరుపెట్టియే పిలుచును. ఈమె యతనిపై గల ప్రేమను దాచదు. వ్యంగ్యము వాచ్యమైనది. ఎమ్మా విషయమున తుదిక్షణమున వెలువడిన సన్నిహితసంబోధనము ఇచ్చట మొదటి దినమునుండి సాధారణమైనది. 1969 నాటి తుదిభాగమున వీరిద్దఱును పొరపాటున రాకెట్టులో ఆకాశమునకు ఎగిరిపోవుట సరసముగనే యున్నది. అయినను, దోషము నటిది కాదు. దాచుటకేమియు మిగుల్పని రచనది.

సమానత్వమును గూర్చి యింత చెప్పిన పిదప రంగము వెనుక జరిగినదానిని విస్మరించుట న్యాయము కాదు. తన వేతనము ఛాయాగ్రాహకుని వేతనముకంటె తక్కువయని తెలిసికొని రిగ్ బహిరంగముగా ప్రశ్నించెను. వేతనము పెరిగెను గాని, ధనాపేక్ష గలదను నింద ఆమెను వెంబడించెను. కథలో స్టీడ్‌నకు సరిసమానయైన స్త్రీ, కథ వెలుపల ఆ సమానతకై పోరాడవలసి వచ్చెను. కావ్యము లోకమునకు ముందు నడచినది. కావ్యమును నిర్మించినవారు మాత్రము లోకముతోడనే నడచిరి.

రుద్రటుడు స్నేహము స్థాయిగా గల ప్రేయోరసమును వేఱుగా అంగీకరించెను. అభినవగుప్తుడు స్నేహము రత్యాదులయందే అంతర్భవించునని దానిని నిరాకరించెను. ఆ వివాదమును ఒక విదేశనాటకమాల తీర్పజాలదు. అయినను ఎమ్మా పీల్ గల 51 భాగములు రుద్రటుని పక్షమున నొక దృష్టాంతముగా నిలువదగినవి. వాటి యందలి యిరువురి నుండి రతిని తీసివేసినను సంబంధము చెడదు. గౌరవమును తీసివేసినచో మఱుక్షణమే చెడును. ఏది తొలగిన రసము తొలగునో అదియే దానికి స్థాయి. ఇచ్చట అట్టిది సమానుల నడుమనుండు స్నేహమే.