ఏటవాలు పట్టీ

నల్లగొండ నుంచి దేవరకొండకు వెళ్లే దారిలోనో, మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్లకు వచ్చే దారిలోనో, ట్రాక్టర్ ట్రాలీలూ ఇంటి గేట్లూ చేసే వెల్డింగ్ షెడ్డు ముందు ఒక పూట నిలబడి చూడండి. నాలుగు పైపులు కోసి నాలుగు మూలలు అతికించినంత మాత్రాన గేటు కాదు. ఆ చట్రాన్ని ఒక మూల పట్టి ఊపితే పక్కకు ఒరుగుతుంది. అట్లాగే బిగిస్తే కొన్నాళ్లకు కొస జారి నేలను గీరుతుంది. అందుకే మేస్త్రి కింది మూల నుంచి పై మూలకు ఏటవాలుగా ఒక పట్టీ వేస్తాడు. అది పడగానే నాలుగు మూలల చట్రం రెండు త్రికోణాలవుతుంది. ఇక ఎంత ఊపినా కదలదు. రేసుకారు ఇంట్లో ఎట్లా కడతారని ఎవరైనా అడిగితే నేను ముందు ఆ పట్టీని చూపిస్తాను.

సన్నటి ఇనుప పైపును రెండు కొసలూ పట్టి లాగితే ఎంత బలవంతుడైనా సాగదీయలేడు. మధ్యలో మోకాలు ఆనించి వంచితే మాత్రం వంగిపోతుంది. ట్రాక్ కోసం కారు కట్టుకునేవాళ్ల విద్యకు మూలం ఈ తేడాయే. చక్రం గుంతలో పడ్డా, మలుపులో బండి ఒక పక్కకు ఒరిగినా, ఆ బలం ఏదో ఒక పైపును పొడవునా లాగాలి, లేదా పొడవునా నొక్కాలి. ఏ పైపూ నడుము మీద దెబ్బ తినకూడదు. పైపులను త్రికోణాలుగా పేర్చుకుంటూ పోయి, అవి కలిసే ముడుల దగ్గరే సస్పెన్షన్‌నూ ఇంజన్‌నూ బిగిస్తే దాన్ని స్పేస్‌ఫ్రేమ్ అంటారు. చూడటానికి పిచ్చుకగూడంత తేలిగ్గా ఉంటుంది. కానీ మనిషి కూర్చోవాలి, కాళ్లు చాపుకోవాలి, ఇంజన్ పైకి తీసి దించాలి. అక్కడ ఖాళీలు వదలక తప్పదు, ఖాళీ వదిలినచోటల్లా త్రికోణం తెగిపోతుంది. డ్రైవర్ దిగే నోరే చట్రంలో అన్నిటికన్నా బలహీనమైన చోటు. పనివాడి తెలివి అక్కడ బయటపడుతుంది. సీటు వెనక ఏటవాలు గొట్టం, పక్కల లోతైన చట్రం, అడుగున రివిట్లు కొట్టిన రేకు పలక, ఇవన్నీ కలిసి ఆ నోటి చుట్టూ బలాన్ని దారి మళ్లిస్తాయి.

ఇంత పట్టింపు ఎందుకంటే, చట్రం మెలి తిరిగితే మిగతా పనంతా దండగ. స్ప్రింగులు ఎంత బాగా ఎంచుకున్నా, చట్రమే ఐదో స్ప్రింగై ఊగుతుంటే మలుపులో బండి ఏం చేస్తుందో చెప్పలేం. వదులైన నులక మంచం మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించినట్టుంటుంది.

ఇంటి వెనక కారు కట్టడానికి ప్రపంచంలో పేరుపొందిన ఉదాహరణ కాలిన్ చాప్‌మన్. లండన్‌లో ఇంజనీరింగ్ చదువుతూ, ప్రియురాలి తల్లిదండ్రుల ఇంటి వెనకున్న గ్యారేజీలో పాత ఆస్టిన్ సెవెన్ ఒకటి విప్పి, దానిమీద ప్లైవుడ్, అల్యూమినియం కలిపిన ఒళ్లు కట్టాడు. 1948 నాటి ఆ బండే మొదటి లోటస్. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ను విడిభాగాల పెట్టెగానూ అమ్మేవారు. కొన్నవాళ్లు ఇంట్లో బిగించుకునేవారు. 1996లో రాన్ చాంపియన్ అనే బ్రిటిష్ ఉపాధ్యాయుడు అలాంటి బండిని పాత ఫోర్డ్ ఎస్కార్ట్ భాగాలతో ఎట్లా కట్టాలో పుస్తకం రాశాడు. అందులోని చట్రానికి కావలసింది అంగుళం చదరపు పైపు, 1.6 మిల్లీమీటర్ల మందం. మన గేట్లు చేసే షెడ్డులో మూలన నిలబెట్టి ఉండే పైపు దాదాపు అదే.

మనవాళ్లలో ఈ పని చేసినవారి కోసం చూస్తే నా చూపు కోయంబత్తూరు దగ్గర ఆగుతుంది. తరాల కిందట అక్కడ స్థిరపడిన తెలుగు నాయుళ్లకు యంత్రం అంటే ఇంటి చుట్టం. జి.డి. నాయుడు ఆ నేల మనిషే. 1893లో పుట్టిన ఆయన కుర్రతనంలో ఒక మోటార్‌సైకిల్‌ను చూసి మనసుపడి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్ని కొన్నారు. కొన్నాక తొక్కి తిరగడంతో ఆగకుండా మొత్తం విప్పి మళ్లీ బిగించారు. అదే ఊళ్లో లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టినవారు సుందరం కరివర్ధన్. స్వయంగా రేసులు నడిపారు, బండ్లు కట్టారు. మన దేశంలో మామూలు మనిషికీ రేసుకారు అందేట్టు ఒక రూపం తయారు చేశారు. దాని పేరు ఫార్ములా మారుతి.

ఆ పేరులోనే ఆయన పనితనం ఉందని నేనంటాను. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. మూడు సిలిండర్లు, 796 సీసీ, 40 హార్స్‌పవర్ కూడా లేని ఇంజన్. రేసు అనగానే పెద్ద ఇంజన్ కోసం విదేశాల వైపు చూసే రోజులవి. దిగుమతి సుంకాలు కొండంత. కరివర్ధన్ ప్రతి ఊళ్లో మెకానిక్కు చేతికి అలవాటైన ఈ చిన్న ఇంజన్‌నే ఎంచుకున్నారు. దాని పిస్టన్ రింగులు, గ్యాస్కెట్లు, క్లచ్ ప్లేట్లు మిర్యాలగూడలోనో నాగర్‌కర్నూల్‌లోనో కౌంటర్ మీద దొరికే సరుకు. రేసులో చెడిన బండి మర్నాటికల్లా లేవాలంటే అంతకన్నా మంచి ఎంపిక ఏముంటుంది?

బలం చాలదే అంటారా? లెక్క చూద్దాం. మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు. 37 హార్స్‌పవర్ అనుకుంటే ఒక్కో గుర్రం 17 కిలోలకు పైగా లాగాలి. తలుపులు, అద్దాలు, వెనక సీట్లు, పైకప్పు, డిక్కీ అన్నీ వదిలేసి అదే ఇంజన్‌ను 400 కిలోల ఒంటి సీటు బండిలో పెడితే ఒక్కో గుర్రం వంతు 11 కిలోలకు లోపే. ఇంజన్‌లో ఒక్క బోల్టు కూడా మార్చకుండానే బండి ఇంకో బండి అయింది. పైగా తగ్గిన ప్రతి కిలో వేగం అందుకోవడంలోనూ, బ్రేకు వేయడంలోనూ, మలుపు తిరగడంలోనూ పనికొస్తుంది. పెరిగిన హార్స్‌పవర్ నేరు దారిలో మాత్రమే పనికొస్తుంది. బండి గొప్పతనాన్ని గుర్రాల లెక్కలోనే చెప్పుకునే అలవాటు మనలో ఇంకా పోలేదు. ఆ లెక్కలో సగమే ఉంది.

మారుతిలో ఇంజన్, గేర్‌బాక్స్ అడ్డంగా ఒకే ముద్దగా ముందర ఉంటాయి, ముందు చక్రాలనే తిప్పుతాయి. ఆ ముద్దను యథాతథంగా ఎత్తి డ్రైవర్ వీపు వెనక పెడితే వెనక చక్రాలు తిరిగే రేసుకారు వస్తుంది. పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ అక్కర్లేదు, కొత్త గేర్‌బాక్స్ అక్కర్లేదు. కాగితం మీద ఇంత తేలిక. చేసేటప్పుడు మాత్రం ఒక్కొక్కటి అడ్డం తిరుగుతుంది. గేరు రాడ్డు ఇప్పుడు ముందు నుంచి వెనక్కి పోవాలి. దారిలో ఒక్క కీలు వదులైనా మూడో గేరు వేయబోతే ఒకటి పడుతుంది. రేడియేటర్‌ను ముక్కు దగ్గరో పక్కనో పెట్టాలి, నీళ్ల గొట్టాల్లో గాలి బుడగ నిలిచిపోకుండా వాటి ఎత్తుపల్లాలు చూసుకోవాలి. యాక్సిలరేటర్ తీగ, క్లచ్ తీగ కొత్త కొలతలతో చేయించాలి. ఇవి ఫొటోలో కనిపించవు. మనిషి నిద్ర పోగొట్టేవి మాత్రం ఇవే.

అన్నిటికన్నా నాకు ముచ్చట గొలిపేది నూనె సంగతి. రోడ్డు మీది ఇంజన్‌లో అడుగు తొట్టిలో నూనె నిలకడగా ఉంటుంది, పంపు దాన్ని పీల్చుకుంటుంది. ట్రాక్ మీద పొడవాటి మలుపులో ఆ నూనె అంతా ఒక పక్కకు ఎగబాకుతుంది. పంపు నోటికి గాలి తగులుతుంది. రెండు మూడు సెకన్లు చాలు, బేరింగులు కాలిపోవడానికి. దీనికి మందు చాలా చిన్నది. తొట్టి లోపల అడ్డ రేకులు అతికించి, నూనె పంపు వైపు వచ్చేట్టు, వచ్చింది వెంటనే వెనక్కి పోనట్టు చిన్న తలుపులు పెడతారు. మా పల్లెల్లో నిండు బిందె మోసేటప్పుడు నీళ్లు తొణక్కుండా పైన వేపరెమ్మో ఆకులో వేసేవాళ్లు. తొట్టిలో రేకు వేసినవాడూ ఆ రెమ్మ వేసిన అమ్మా ఒకే సంగతి గమనించారు.

వెల్డింగ్ దగ్గరికి మళ్లీ వస్తాను, అక్కడ చెప్పాల్సింది ఇంకా ఉంది. వేడి తగిలిన ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. ఒక మూల మొత్తం అతికి తర్వాత రెండో మూలకు పోతే, చట్రం మొదటి మూల వైపు లాగేసుకుంటుంది. అందుకే చదునైన గట్టి బల్ల మీద పైపులు బిగించి, ముందు అన్ని ముడులకూ చుక్క చుక్క ట్యాక్‌లు వేస్తారు. మూల నుంచి మూలకు టేపు పెట్టి కర్ణాలు రెండూ సమానమా అని చూస్తారు. తర్వాత ఇక్కడ ఒక అంగుళం, ఎదుటి పక్క ఒక అంగుళం, మళ్లీ ఇక్కడ. ఆత్రం ఉన్నవాడి చట్రం అరటికాయలా వంగుతుంది. పైపు కొసను ఇంకో పైపు గుండ్రానికి సరిగ్గా కూర్చునేట్టు అర్ధచంద్రంలా గీరడం కూడా గంటల పని. సందు వదిలి దాన్ని లోహంతో పూడ్చేవాళ్లు ఉంటారు. మధ్యలో కాగితం పెట్టినా దూరనంత దగ్గరగా గీరి, ఆ తర్వాతే టార్చి ముట్టించేవాళ్లూ ఉంటారు. పెయింటు వేశాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. వందో ల్యాపులో మాత్రం తేడా తెలుస్తుంది.

చట్రం నిలబడ్డాక చక్రాలు సర్దడం ఉంది. దానికి లక్షల యంత్రం అక్కర్లేదు. తాపీ మేస్త్రి పునాదికి మట్టం చూసే నీళ్ల పైపుతో ముందు నేల చదును చూసుకుంటారు. బండి చుట్టూ, గోడకు కట్టినట్టే, రెండు పక్కలా దారాలు బిగించి కడతారు. దారం నుంచి రిమ్ము ముందు అంచుకు ఎంత, వెనక అంచుకు ఎంత, ఉక్కు స్కేలుతో అర మిల్లీమీటరు దాకా కొలుస్తారు. రేసు జట్లు ఈనాటికీ దారంతో కొలుస్తాయి.

తర్వాత నాలుగు చక్రాల కింద నాలుగు కాంటాలు. డ్రైవర్ సీట్లో ఉండాలి, లేకపోతే అతని బరువంత బియ్యం బస్తా అయినా ఉండాలి. ముందు కుడి, వెనక ఎడమ కలిపిన బరువు, ముందు ఎడమ, వెనక కుడి కలిపిన బరువుతో సరితూగాలి. అప్పుడే కుడి మలుపులోనూ ఎడమ మలుపులోనూ బండి ఒకే మాట వింటుంది. ఒక స్ప్రింగును పైకి బిగిస్తే దాని ఎదుటి మూలకూ బరువు పెరుగుతుంది. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్ల బల్లకు ఒక కాలి కింద చెక్కముక్క పెట్టి చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఇలా చేత్తో కట్టేవాళ్లు మన చుట్టూనే ఉన్నారు. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధాకర్ యాదవ్ చేత్తో చేసిన బండ్ల మ్యూజియం ఉంది. బూటు, క్రికెట్ బంతి, బర్గర్ రూపాల్లో నడిచే కార్లు ఆయన చేసినవే. 2005లో గిన్నిస్ కెక్కిన 41 అడుగుల పైచిలుకు ఎత్తు మూడు చక్రాల సైకిలూ ఆయనదే. అవి వేగం కోసం కావు, అయినా రేకు వంచే చేతిని చూడాలనుకునేవాళ్లు అక్కడికి వెళ్లి తీరాలి. మా పాత నల్లగొండ జిల్లాలోనే ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం, నేతకు దారం ఆసు పోసి పోసి తల్లి లక్ష్మికి వచ్చిన భుజాల నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి 1999 నాటికి ఆసు యంత్రం పూర్తి చేశారు. మధ్యలో ఏడేళ్లు ఒక కదలిక, దాని తర్వాత ఇంకో కదలిక, ఒక్కొక్కటే సాధించుకుంటూ వచ్చారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. దారాన్ని తిప్పే యంత్రమైనా చక్రాన్ని తిప్పే యంత్రమైనా ఇంటి మూలన ఒంటరిగా కూర్చుని కట్టే మనిషి ఓపిక ఒకే జాతిది.

ఇలా ఇంట్లో కట్టిన రేసుబండి ఊరి రోడ్డు మీదికి రాకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన రూపాన్ని మార్చడానికే ఒప్పుకోదు. వేగం మూసిన దారికే తగినది, కాబట్టి అది నాకు సబబుగానే తోస్తుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ కార్లు పరుగెత్తినప్పుడు కూడా దారిని గోడలతో మూసే పరుగెత్తించారు. మనవాళ్లు సొంత బండి తోలుకోవాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయానికో పోవచ్చు. చెట్టిపాళయంలోని ట్రాక్ పేరు కరి మోటార్ స్పీడ్‌వే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయారు, ట్రాక్‌కు ఆయన పేరు పెట్టుకున్నారు. మన దేశం నుంచి ఫార్ములా వన్‌కు వెళ్లిన మొదటి డ్రైవర్ నరేన్ కార్తికేయన్ కూడా కోయంబత్తూరువారే. 2005లో జోర్డాన్ జట్టు కారులో కూర్చోవడానికి చాలా ఏళ్ల ముందు ఆయన రేసులు మొదలుపెట్టింది ఫార్ములా మారుతితోనే.

ట్రాక్ దగ్గర ఇంట్లో కట్టిన బండిని లారీలోంచి దించాక కట్టినవాడు చేసే పని ఒకటుంది. సస్పెన్షన్ మీదా స్టీరింగ్ మీదా బిగించిన ప్రతి నట్టుకూ, దాని పక్కనున్న లోహానికీ కలిపి పసుపు పెయింటుతో ఒక సన్న గీత గీస్తాడు. ఐదు ల్యాపులు నెమ్మదిగా తిప్పించి బండిని వెనక్కి రప్పిస్తాడు. ఇంజన్ ఇంకా వేడిగా ఉంటుంది. హెల్మెట్ తీసిన డ్రైవర్ ఏదో చెప్పబోతాడు. ఇతను వినకుండానే టార్చిలైటు పట్టుకుని నేలమీద వెల్లకిలా పడుకుని, చక్రం లోపలికి చూస్తూ గీతలు లెక్కపెట్టుకుంటూ పోతాడు.