బాగయింది సరే, ఎందుకు బాగయింది?

కంపెనీ కంప్యూటర్ చెడిపోతే ఫోన్ చేయడానికి ఒక నంబరుంటుంది. విడిభాగాలు కొనుక్కొచ్చి ఇంట్లో బిగించుకున్న సిస్టమ్‌కి ఆ సుఖం లేదు. బోర్డు ఒకరిది, ప్రాసెసర్ ఒకరిది, ర్యామ్ ఇంకొకరిది, ఎస్ఎంపీఎస్ మరొకరిది. వారంటీలు వేరు, సర్వీస్ సెంటర్లు వేరు. ఏ భాగం పట్టుకుని ఏ కౌంటర్ ముందు నిలబడాలో ముందు తేలాలి. అది తేల్చడంలో చేయి తిరిగిన ఒకాయన పనితనాన్ని పరిచయం చేయడానికే ఈ వ్యాసం.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. సీటీసీ అంటే జంటనగరాల్లో కంప్యూటర్ సామాను కొనేవాళ్లందరికీ తెలుసు. దానికి దగ్గర్లోనే ఒక ఇరుకు గదిలో ఆయన బల్ల. పేరు రాయొద్దన్నారు. కొత్త సామాను అమ్మరు, చెడిపోయినవి చూస్తారంతే. అమ్మకం లేదు కాబట్టి ఫలానా భాగం చెడిపోయిందని చెప్పడంలో ఆయనకు లాభమూ లేదు. ఆయన మాటకున్న విలువ సగం అక్కడే ఉంది.

దసరా వెళ్లిన వారం. ఒక కుర్రాడు క్యాబినెట్ మోసుకొచ్చాడు. దాని మీద ఆయుధపూజ బొట్టు ఇంకా చెరగలేదు.

“అన్నా, ఫ్యాన్లు తిరుగుతున్నయ్, డిస్‌ప్లే వస్తలేదు.”

“ఆఖరుకు ఏం ముట్టుకున్నవ్ తమ్మీ?”

“ఏం ముట్టుకోలేదన్నా. పండక్కి జర దులిపిన, అంతే.”

“దులిపేటప్పుడు ఏమేం ఊడదీసినవ్?”

గ్రాఫిక్స్ కార్డు, రెండు ర్యాములు, ప్రాసెసర్ మీది కూలర్. ఒక్కొక్కటే బయటికొచ్చాయి. స్క్రూడ్రైవర్ పట్టకముందే అనుమానితుల పట్టీ తయారైంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న మాటను ఆయన పెద్దగా పట్టించుకోలేదు. కరెంటు లోపలికి వస్తోందనే తప్ప ప్రాసెసర్ పని చేస్తోందనడానికి అది సాక్ష్యం కాదు. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి పెట్టాడా, పొరపాటున బోర్డుకి పెట్టాడా అని మాత్రం వెనక్కి తిప్పి చూశారు. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు. అలాంటి సిస్టమ్‌లో కేబుల్ బోర్డుకి పెడితే అన్నీ బాగున్నా తెర నల్లగానే ఉంటుంది. ఇక్కడ కేబుల్ సరిగ్గానే ఉంది.

ఇక విప్పడం మొదలైంది. క్యాబినెట్‌లోంచి బోర్డుని బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పరిచారు. వెండిరంగు కవరు మీద పెట్టలేదు. స్టాటిక్ పట్టకుండా చేసే ఆ కవరు పైపొరలో కరెంటు పారే అవకాశం ఉందట. డిస్కులు, గ్రాఫిక్స్ కార్డు, యూఎస్‌బీ తీగలు అన్నీ పక్కకి వెళ్లాయి. మిగిలింది బోర్డు, ప్రాసెసర్, కూలర్, ఎస్ఎంపీఎస్. ర్యామ్ కూడా లేదు. పవర్ బటన్ తీగ తగిలించే రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపారు. బోర్డుకి తగిలించిన బొటనవేలంత స్పీకరు గట్టిగా, మళ్లీ మళ్లీ కూత పెట్టింది. కుర్రాడు కంగారుపడ్డాడు. ఆయన ముఖం విప్పారింది.

కారణముంది. కంప్యూటర్ ఆన్ కాగానే తనని తాను పరీక్షించుకుంటుంది. 1981 నాటి ఐబీఎం పీసీ నుంచీ ఈ ఆనవాయితీ ఉంది. తెర మీద అక్షరం పడే దశ రాకముందే ఏదైనా తేడా కనిపిస్తే చెప్పడానికి దానికి కూతే దిక్కు. చాలా కొత్త బోర్డుల్లో ఆ పని నాలుగు చిన్న లైట్లు చేస్తాయి: ప్రాసెసర్‌కి ఒకటి, ర్యామ్‌కి ఒకటి, డిస్‌ప్లేకి ఒకటి, బూట్‌కి ఒకటి. ర్యామ్ తీసేశాక బోర్డు ‘ర్యామ్ లేదు’ అని మొత్తుకుందంటే దానికి ప్రాణముంది, ప్రాసెసర్ ఆలోచిస్తోంది, ఎస్ఎంపీఎస్ కనీసం నిలబడుతోంది. మూడు భాగాల మీద అనుమానం చాలావరకు సడలింది. అదీ ఏమీ పెట్టకుండా, తీసేయడం వల్లే.

తర్వాత ర్యామ్. బంగారుపూత కాళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన దగ్గర అందరికీ తెలిసిన వైద్యం. ఆయన దాని జోలికి తొందరగా పోరు. పూత పల్చన, రబ్బరు పొడి స్లాటులో మిగులుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో ఒక్కసారి తుడిచి, ఒక ర్యామ్‌ని ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో పెట్టారు. డిస్‌ప్లే వచ్చింది. దాన్ని తీసి రెండోది అక్కడే పెట్టారు. వచ్చింది. అదే ర్యామ్‌ని నాలుగో స్లాటులో పెడితే రాలేదు. మొదటిది పెట్టినా రాలేదు. కుర్రాడు అప్పటికే కొత్త ర్యామ్ ధర ఫోన్‌లో వెతుకుతున్నాడు. తప్పు ర్యామ్‌లో ఉంటే ఎక్కడ పెట్టినా కనిపించాలి. ఇది చోటుని పట్టుకుని ఉంది.

మరి బోర్డు పోయినట్టేనా? చాలా చోట్ల ఆ తీర్పు అక్కడే పడిపోతుంది. ఆయన చూపు మాత్రం కూలర్ మీదికి వెళ్లింది. ర్యామ్‌ని నడిపే కంట్రోలర్ ఒకప్పుడు బోర్డు మీద ఉండేది. ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో, ఇంటెల్ 2008లో నెహలెమ్ తరంతో దాన్ని ప్రాసెసర్‌లోకి తెచ్చాయి. అంటే స్లాటు నుంచి బయల్దేరిన దారి ప్రాసెసర్ కింది సాకెట్‌లోంచే పోవాలి. ఈ బోర్డులో ఆ సాకెట్‌కి 1700 సన్నని స్ప్రింగు కాళ్లున్నాయి. ఒక మూల ఒత్తిడి ఎక్కువై ఇంకో మూల తగ్గితే కొన్ని కాళ్లు సరిగా అంటుకోవు. ఒక వైపు స్లాట్లు మూగబోతాయి.

ఇక్కడ ఆయన చేసింది గమనించాలి. ప్రాసెసర్‌ని పీకి మళ్లీ పెట్టలేదు. కూలర్ నాలుగు స్క్రూలని కాస్త కాస్త వదులు చేసి, మరేదీ కదపకుండా పవర్ ఇచ్చారు. నాలుగో స్లాటు లేచింది. దులిపాక కుర్రాడు ఒక వైపు స్క్రూలని పూర్తిగా బిగించి, ఆ తర్వాత రెండో వైపుకి వెళ్లాడని తేలింది. అప్పుడు గానీ ఆయన కూలర్ తీయలేదు. టార్చిని ఏటవాలుగా పట్టి, భూతద్దంలో సాకెట్ కాళ్లు వరస తప్పలేదని చూసుకుని, పాత పేస్టు తుడిచి కొత్తది పెట్టి, స్క్రూలని ఎదురెదురు మూలల్లో కొద్దికొద్దిగా తిప్పుతూ బిగించారు. తర్వాత క్రిస్ బ్రాడీ 1994లో మొదలుపెట్టిన మెమ్‌టెస్ట్86 పరీక్షని పూర్తిగా నడవనిచ్చారు. ఒక్క తప్పూ రాకపోతేనే సిస్టమ్ బల్ల దిగుతుంది.

ఆయన పట్టుదల పూర్తిగా అర్థమయ్యేది రెండో రకం జబ్బులో. అప్పుడప్పుడు, పని మధ్యలో రీస్టార్ట్ అయ్యే సిస్టమ్. విండోస్ చిట్టాలో ‘కెర్నల్-పవర్ 41’ అని ఉంటుంది. సరిగా మూయకుండా ఆగిపోయింది అన్న సంగతి తప్ప ఎందుకో అది చెప్పదు. దీనికి అందరూ చేసే పరీక్ష ఒకటుంది. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతిలో బోర్డుకి వెళ్లే పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగని నల్ల తీగతో కలిపితే ఎస్ఎంపీఎస్ ఒంటరిగా ఆన్ అవుతుంది. మీటరులో 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య వస్తే పన్నెండు వోల్టుల లైను పాసయినట్టు లెక్క. ఆయన ఆ పరీక్ష చేస్తారు గానీ నమ్మరు. బరువు లేకుండా నిలబడటం పెద్ద గొప్ప కాదు. సిస్టమ్ గట్టిగా పని చేస్తున్నప్పుడు అదే లైను ఎంతకి దిగుతోందన్నదే అసలు ప్రశ్న.

నేను చూసిన సిస్టమ్‌కి ఆయన తన దగ్గరున్న ఎస్ఎంపీఎస్ తగిలించి, ప్రాసెసర్ మీద పూర్తి బరువు పెట్టి నడిపించారు. సాయంత్రం దాకా ఒక్కసారీ ఆగలేదు. కొత్త ఎస్ఎంపీఎస్ కొనిపించి పంపేయొచ్చు. యజమాని కూడా పర్సు తీశాడు. ఆయన మాత్రం పాత ఎస్ఎంపీఎస్ మళ్లీ తగిలించారు. అదీ ఆగలేదు! పాతదే చెడ్డదైతే జబ్బు తిరిగి రావాలి కదా. రాలేదంటే, మార్చే హడావుడిలో బాగుపడింది వేరే ఏదో. ఊడదీసి పెట్టిన తీగలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చారు. ప్రాసెసర్‌కి వెళ్లే ఎనిమిది పిన్నుల తీగకి ఎస్ఎంపీఎస్ వైపు కొక్కెం సరిగా పట్టడం లేదు. నొక్కితే కూర్చుంటుంది, తీగ కాస్త లాగినట్టయితే జారుతుంది. బరువు మీద ఉండగా దాన్ని వేలితో మెల్లగా కదిపారు. సిస్టమ్ టక్కున ఆగింది. “గిప్పుడు దొరికింది” అన్నారు. తీగ మార్చారు. అది కూడా ఆ ఎస్ఎంపీఎస్ కంపెనీ తీగే. చూడటానికి ఒకేలా ఉన్నా, ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీ కంపెనీకీ మారొచ్చు. వేరేవాళ్ల తీగ పెడితే బోర్డే కాలిపోవచ్చు.

కొత్తది పెట్టగానే పని చేసింది కాబట్టి పాతది చెడ్డదనడం పైకి తర్కంలాగే ఉంటుంది. ఊడదీసి పెట్టడమే సగం జబ్బుల్ని కొంతకాలం కప్పేస్తుందని తెలిసినవాడు ఆ తర్కాన్ని ఒప్పుకోడు. జబ్బుని పోగొట్టాలి, తిరిగి రప్పించాలి, మళ్లీ పోగొట్టాలి. అప్పుడే కారణం దొరికినట్టు. హార్డ్‌డిస్కు విషయంలోనూ ఇదే ఓపిక. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టికలో సీ7 అనే వరుస పెరుగుతుంటే తప్పు ఎక్కువగా డిస్కుది కాదు, దాని కేబుల్‌ది. సీ5, 05 వరుసలు పెరుగుతుంటే మాత్రం ముందు ఫైళ్లు కాపీ చేసుకోమంటారు, మిగతా మాట తర్వాతే.

ఆయన చేయని పనులూ ఉన్నాయి. బోర్డు మీద చిప్పులు మార్చరు. వారంటీ ఉన్న భాగాన్ని విప్పరు. ఎస్ఎంపీఎస్ డబ్బా అసలు తెరవరు, తీగ పీకాక కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు మిగిలి ఉంటుంది. క్యాబినెట్ ముట్టుకుంటే చేయి జిల్లుమంటోందని వచ్చేవాళ్లని సిస్టమ్ చూడకుండానే ఎలక్ట్రీషియన్ దగ్గరికి పంపుతారు. ఇంట్లో మూడో పిన్నుకి ఎర్తింగ్ అందకపోతే ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ నుంచి కాస్త కరెంటు రేకు మీదికి చేరుతుంది. మన ఊళ్లలో ఇది మామూలు.

అలాంటి మనిషి మీకు దొరికితే కొన్ని పనులు చేయండి. చివరిగా ఏం ముట్టుకున్నారో దాచకుండా చెప్పండి. బిల్లులు, పెట్టెలు, ఎస్ఎంపీఎస్‌తో వచ్చిన తీగలు పారేయకుండా ఉంచుకోండి. నాలుగు స్క్రూలు బిగించి, ఒక తీగ మార్చి పంపారని ఆయన కూలి దగ్గర బేరమాడకండి. కొనక్కర్లేని ర్యామ్, కొనక్కర్లేని ఎస్ఎంపీఎస్ ధర ముందు ఆ కూలి చాలా తక్కువ.