90 సెకండ్ల నిరీక్షణ

1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ప్రాంగణమునకు ఒక ప్రక్క తార్నాక, మఱియొక ప్రక్క అంబర్‌పేట్; ఆ పరిసరముల విద్యార్థుల గదులలో లినక్సు నడచు ల్యాప్‌టాప్‌లు కానవచ్చును. అట్టి యంత్రమొకటి, మీట నొక్కిన పిమ్మట ఒకటిన్నర నిమిషము నిశ్చేష్టమై నిలిచిపోవుచుండగా, దానిని పరిశీలించు నేర్పరి పనితనమును చూచుటయే ఒక విద్యాభ్యాసము.

అతడు తొందరపడి డిస్కును నిందింపడు. సర్వమును తుడిచి మరల స్థాపింపుమనడు. నాడి పట్టు వైద్యునివలె, ముందుగా ‘సిస్టమ్‌డీ-ఎనలైజ్’ ఆజ్ఞతో ఏ అంగము ఎంత కాలము హరించెనో లెక్కగట్టును. పిదప ‘జర్నల్‌సీటీఎల్’ చిట్టా చదివి, ‘టైమౌట్’ అను మాటను పట్టుకొనును. రహస్యపు తాళపుచెవులను భద్రపరచు టీపీఎమ్ చిప్పు కలదని ఫర్మ్‌వేర్ చాటుచుండియు, కెర్నెల్ పిలుపునకు అది పలుకకుండుటచే, లినక్సు సేవలను ఆరంభించు సిస్టమ్‌డీ తనకు నియతమైన 90 సెకండ్లును, రాని అతిథికై వాకిట నిలిచిన గృహస్థువలె వేచియుండును.

కారణము తెలిసిన పిదప చికిత్స స్వల్పము: ఫర్మ్‌వేర్‌ను నవీకరించుట, బయోస్‌లో చిప్పు అమరికను సరిదిద్దుట, లేదా ఆ నిరీక్షణను మాన్పుటకై కెర్నెల్ ఆజ్ఞాపంక్తిలో ఒక్క మాట చేర్చుట. అయినను, డిస్కులోని గూఢలిపిని విప్పు తాళపుచెవి ఆ చిప్పు రక్షణలోనే యున్నదేమో విచారింపక అతడు చిప్పుపై చేయి వేయడు. ఈ సంయమమే ఆ విద్యకు అలంకారము.

కొలిచిన పిమ్మటనే మార్చువాడు నిజమైన పనివాడు. అట్టివానికి మన నమస్కారము చెల్లవలెను.