మా నాయనకు చెప్పొద్దు సార్

నందికొట్కూరు బళ్ళలో చదివే పిల్లల చేతికి సెల్లు వచ్చింది, దాంతోపాటే వేధింపూ వచ్చింది. ఎవడో ఫొటో మార్ఫింగ్ చేస్తాడు. ఇంకొకడు పిల్ల పేరుతో దొంగ ఇన్‌స్టా అకౌంటు తెరుస్తాడు. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒకరి నలుపు మీద స్టిక్కర్ తయారవుతుంది.

టీచరు దగ్గరికొచ్చిన పిల్ల ఏడిపించినవాడి పేరు ఆఖర్న చెప్తుంది. ముందు వచ్చే మాట, "మా నాయనకు చెప్పొద్దు సార్, బడి మాన్పిస్తాడు". మా సీమలో ఆ భయం ఉత్తది కాదు. ఫోను లాక్కుంటారు, చదువు ఆపుతారు, సంబంధాలు చూస్తారు. వేధించినోడు మాత్రం మర్నాడు దర్జాగా బడికొస్తాడు.

అందుకే టీచరు పనితనమంతా మొదటి మాటలోనే తేలిపోతుందంటాను. "నిన్నెవరు ఫొటో పెట్టమన్నారు?" అన్నామా, ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పదు. అలాగని "ఎవరికీ చెప్పనులే" అని మాటా ఇవ్వకూడదు. లైంగిక వేధింపైతే, 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపక తప్పదు; దాచిన పెద్దలకు ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. "మీ నాయనతో మాట్లాడేటప్పుడు నేనూ పక్కనుంటాను" అనొచ్చు. నిలబెట్టుకోగలిగిన మాట అదొక్కటే.

మెసేజ్‌లు చెరిపేయనీయకుండా, తేదీ, అకౌంటు పేరు కనబడేలా స్క్రీన్‌షాట్ తీయించాలి. బొమ్మ అసభ్యమైనదైతే టీచరు తన ఫోనుకు పంపించుకోకూడదు, స్టాఫ్ గ్రూపులో అసలే పెట్టకూడదు. పిల్లల అశ్లీల చిత్రాలను పంచడం ఐటీ చట్టం 67బి కింద నేరం, పంచింది అయ్యవారైనా సరే. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి చేతులు కలిపించే పాత పంచాయితీ ఇక్కడ పనికిరాదు. క్లాసు ముందు ఆ పిల్లకు అది రెండో అవమానం.

నాకు ఎక్కువ ఆశ మాత్రం మిగతా క్లాసు మీదే. ఫిన్లండ్‌లో టుర్కు విశ్వవిద్యాలయం తయారుచేసిన 'కివా' అనే వేధింపుల నివారణ కార్యక్రమం ముఖ్యంగా చూస్తూ ఊరుకునేవాళ్ళ మీద గురిపెట్టింది. వేధించేవాడికి కావలసింది వాళ్ళ నవ్వే మరి. గ్రూపులో నలుగురు నవ్వు బొమ్మలు పెడితే వాడు రెచ్చిపోతాడు. ఒక్కడు "తీసేయ్‌రా" అంటే తగ్గుతాడు. ఆ ఒక్కడు ఎవరో ప్రతి క్లాసు టీచరుకూ తెలుసు. వాణ్ణి పిలిచి మాట్లాడటానికి సిలబస్ అడ్డం రాదు.

హెడ్‌మాస్టర్లకు ఒక మనవి: పిల్లల సహాయానికి 1098, సైబర్ నేరాలకు 1930. ఈ సోమవారం ప్రేయర్‌లోపు రెండు నంబర్లూ బడి గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి.